ఏకరూపత అని రాసినప్పుడు, ఎంత తేడా వరకో కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలోని విజ్ఞాన పేజీ వ్యాసం రెండుసార్లు చదివాను. సైన్సు శాఖలన్నిటినీ కలిపే దారం ఏకరూపత అని, ప్రకృతిలో అంతటా అన్నీ ఒకేలా ఉండబట్టే సైన్సు సాధ్యమైందని దాని సారాంశం. రాసినవారి ఉత్సాహం నాకు నచ్చింది. పిల్లలు చదివే పేజీలో ఇలాంటి విషయం ఎత్తుకోవడం మంచి పని. కానీ భూగర్భశాస్త్రం నుంచి ఒక ముక్క, విత్తనాల నుంచి ఒక ముక్క, మందుల తయారీ నుంచి ఒకటి, నక్షత్రాల నుంచి ఒకటి తెచ్చి అన్నిటినీ ఆ ఒక్క మాట కింద కట్టేశారు. ఒక్కొక్క శాస్త్రంలో ఆ మాటకు ఉన్న అర్థం వేరు. ముప్ఫై ఏళ్ళు ఆ మాటే నా ఉద్యోగం. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. లేఖ పొడవైతే మన్నించండి.

నేను హైదరాబాద్ శివార్లలోని ఒక మాత్రల కర్మాగారంలో నాణ్యతా పరీక్షల విభాగంలో పని చేసి విశ్రాంతి తీసుకున్నాను. ఇప్పుడు మా సొంత ఊరి దగ్గర, కొవ్వూరులో ఉంటున్నాను. మా ప్రయోగశాలలో ప్రతి బ్యాచ్ కాగితం మీదా ‘ఏకరూపత’ అని రెండు గడులు ఉండేవి. ఒకటి బరువు ఏకరూపత. రెండోది మందు ఏకరూపత. ఈ రెండూ ఒకటి కావని నాకు పుస్తకం నేర్పలేదు. 1996 వేసవిలో వచ్చిన ఒక బ్యాచ్ నేర్పింది.

అది గుండె జబ్బుకు వాడే చిన్న మాత్ర. బరువు 100 మిల్లీగ్రాములు. అందులో అసలు మందు 0.25 మిల్లీగ్రాములు మాత్రమే. అంటే నాలుగు వందల పాళ్ళలో ఒక పాలు. మిగిలినదంతా లాక్టోజు, పిండి, జారుడు కోసం కలిపే పొడి. మందుల ప్రమాణాల గ్రంథమైన భారత ఫార్మకోపియా ప్రకారం బరువు పరీక్షకు ఇరవై మాత్రలు తీసి ఒక్కొక్కటిగా తూచాలి. ఈ బరువున్న మాత్రల్లో, సగటు కంటే నూటికి ఏడున్నర పాళ్ళు అటూ ఇటూ దాటినవి రెండుకు మించకూడదు. అంతకు రెట్టింపు తేడా ఒక్కదానికి కూడా ఉండకూడదు. ఆ రోజు ఇరవై మాత్రలూ ఒకటిన్నర మిల్లీగ్రాముల తేడా లోపలే ఉన్నాయి. అంత చక్కటి బరువులు అరుదుగా వస్తాయి. త్రాసు దగ్గర కూర్చున్న అమ్మాయి సంతోషంగా కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

తర్వాత మందు పరీక్ష. దీనికి పది మాత్రలు. ఒక్కొక్కదాన్ని వేరు వేరు గాజు ఫ్లాస్కులో వేసి, కరిగించి, వడగట్టి, ఒక్కొక్కదానిలో అసలు మందు ఎంత ఉందో యంత్రం మీద కొలవాలి. అప్పట్లో మేము పాటించిన నిబంధన ఇది: మాత్రలో మందు 10 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉన్నప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి. పదీ సగటులో 85 నుంచి 115 శాతం మధ్య ఉండాలి. ఒక్కటి మాత్రమే దాటి, అది కూడా 75కు తగ్గకుండా, 125కు మించకుండా ఉంటే మరో ఇరవై తీసి చూడవచ్చు. రెండు దాటితే బ్యాచ్ పోయినట్టే.

ఎనిమిది మాత్రలు 93కూ 106కూ మధ్య వచ్చాయి. ఒకటి 82. మరొకటి 118.

ఆ రెండు అంకెలను నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకే సీసాలోని రెండు మాత్రలు. చూపుకు ఒకటే, తూకానికి ఒకటే, గీత ఒకటే, రంగు ఒకటే. సోమవారం మాత్ర వేసుకున్న ముసలాయనకు తక్కువ మందు, మంగళవారం అదే ముసలాయనకు దాదాపు సగం వంతు ఎక్కువ మందు. అలాంటి మందులో సరిపోయే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. పైఅధికారి ఒకరు వచ్చి, బరువులు అంత బాగున్నాయి కదా, మళ్ళీ పది తీసి చేసి చూడమన్నారు. రెండు దాటిన తర్వాత మళ్ళీ చేయడానికి నిబంధన ఒప్పుకోదని చెప్పాను. చేయలేదు. నాలుగు రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. చివరికి బ్యాచ్ మొత్తం ధ్వంసం చేశారు.

కారణం వెతకడానికి రెండు వారాలు పట్టింది. కలిపే యంత్రంలో పొడి బాగానే కలిసింది. అక్కడ తీసిన నమూనాలన్నీ సరిగానే ఉన్నాయి. తేడా ఆ తర్వాత వచ్చింది. పొడి నింపిన డ్రమ్ములను ట్రాలీ మీద పెట్టి మాత్రలు అచ్చు వేసే గదికి తోసుకుపోయేవారు. ఆ వేసవిలో నడవాలో గచ్చు పగిలి గతుకులు పడింది. కుదుపులకు సన్నటి మందు పొడి, ముతక రేణువుల సందుల్లోంచి అడుగుకు జారింది. పొడవాటి గొట్టంతో డ్రమ్ము పైనా, మధ్యలో, అడుగునా నమూనా తీసి చూస్తే అంకెలు మెట్లు దిగినట్టు కనిపించాయి. పైన తక్కువ, అడుగున ఎక్కువ.

ఆ కాగితం చూస్తుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ బియ్యం చేటలో పోసి చెరిగేది. నాలుగు కుదుపులు కుదిపేసరికి నూక ఒక పక్కకు, రాయి ఒక పక్కకు, బియ్యం ఒక పక్కకు చేరేవి. కలిసి ఉన్నవాటిని కుదుపుతో విడదీయడం మన ఇళ్ళలో ప్రతి ఆడదానికీ తెలిసిన విద్య. ఆ విద్యే మా డ్రమ్ములో మాకు తెలియకుండా జరిగిపోయింది. గచ్చు బాగు చేయించారు, రేణువుల పరిమాణం మార్చారు, తర్వాతి బ్యాచ్‌లో పది మాత్రలూ హద్దులో నిలిచాయి. హద్దులో నిలిచాయంటున్నాను, ఒకేలా ఉన్నాయనడం లేదు. నా ఉద్యోగ జీవితంలో పది మాత్రలకు పది ఒకే అంకెలు ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే యంత్రాన్ని అనుమానించేదాన్ని.

ఈ సందర్భంగా పాఠకులకు ఒక మాట. గీత లేని మాత్రను కత్తితో రెండు ముక్కలు చేసి వేసుకోవడం చాలా ఇళ్ళలో చూస్తుంటాను. మేము చేసే పరీక్ష మొత్తం మాత్రకు. మీ కత్తి కింద తెగిన ముక్కకు ఎవరూ పూచీ పడలేదు. సగం మోతాదు కావాలంటే సగం మోతాదు మాత్ర దొరుకుతుందేమో వైద్యుణ్ణి అడగండి.

ఇక విత్తనాల సంగతి. మీ వ్యాసంలో మేలైన విత్తనం అంటే పూర్తి ఏకరూపత అని ఉంది. మా తమ్ముడు ఇక్కడే స్వర్ణ విత్తన వరి వేస్తాడు. స్వర్ణ మా జిల్లాల పంట, మారుటేరు పరిశోధన కేంద్రం బిడ్డ. పొట్ట దశ నుంచి కోత వరకు తమ్ముడు కూలీలతో పాటు చేలోకి దిగి కేళీలు, అంటే ఆ రకానికి సరిపోని మొక్కలు, ఏరిస్తాడు. నాలుగంగుళాలు ఎత్తుగా లేచిన మొక్క, నాలుగు రోజులు ముందు ఈనిన మొక్క, గింజ కొసన రంగు మారిన మొక్క, ఏది తేడాగా కనిపించినా వేళ్ళతో సహా పీకి గట్టు మీద వేస్తారు. అయినా ధ్రువీకరణ అధికారి వచ్చి లెక్క పెట్టినప్పుడు సున్నా రావాలని ఎవరూ అడగరు. ధ్రువీకరించిన వరి విత్తనానికి కేళీలు నూటికి 0.20 వరకు, అంటే వెయ్యి మొక్కలకు రెండు వరకు ఉండవచ్చు. దానికి ముందు తరమైన మూల విత్తనానికి నూటికి 0.05. పూర్తి ఏకరూపత అని చెప్పి రైతును భయపెట్టడం కంటే ఈ రెండు అంకెలు వేసి ఉంటే వ్యాసం ఎంతో ఉపయోగపడేది. ఊళ్ళో చాలామందికి ఈ లెక్క తెలియదు. చేలో నాలుగు కేళీలు కనిపించగానే విత్తనం కల్తీ అని గొడవ పడేవారూ ఉన్నారు, చేనంతా కేళీలతో నిండినా దుకాణం మాట నమ్మి నోరు మెదపనివారూ ఉన్నారు.

పంట విషయంలోనే మరో మాట. అమెరికాలో 1970లో మొక్కజొన్నకు ఆకుమాడు తెగులు వచ్చింది. ఆ ఏడాది దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం పోయింది. అక్కడి రైతులు వేసినవి ఒకే రకం కావు. ఎన్నో సంకర రకాలు, ఎన్నో కంపెనీలవి. ఎత్తులో తేడా, కంకిలో తేడా, కాలంలో తేడా. కానీ వాటిలో అత్యధిక భాగానికి కణద్రవ్యం, అంటే కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం, ఒకే చోటి నుంచి వచ్చింది. టెక్సస్ కణద్రవ్యం అంటారు దాన్ని. అది ఉన్న మొక్కకు పుప్పొడి పనిచేయదు కాబట్టి, సంకర విత్తనం తయారు చేసేటప్పుడు మగ పూగుత్తులను చేత్తో తీసే కూలి ఖర్చు తప్పుతుంది. ఆ సౌకర్యం కోసం దాదాపు అందరూ దాన్నే వాడారు. తెగులు బూజు సరిగ్గా ఆ కణద్రవ్యం మీదనే దెబ్బ కొట్టింది. కంటికి వేరు వేరుగా కనిపించిన చేలు లోపల ఒకటే. మా కర్మాగారంలో జరిగినదానికి ఇది తిరగేసిన కథ. అక్కడ కంటికి ఒకటే, లోపల వేరు. అందుకే దేనిలో ఏకరూపత అన్నది ముందు చెప్పకుండా, ఏకరూపత మంచిదనీ చెడ్డదనీ అనలేమని నా అభిప్రాయం.

వ్యవసాయ శాస్త్రంలో ఏకరూపతా పరీక్ష అని ఒకటుంది. మీ వ్యాసంలో అది లేదు. ఉండాల్సింది, ఎందుకంటే ఈ విషయానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మెర్సర్, హాల్ అనే ఇద్దరు ఒక ఎకరం గోధుమ చేను తీసుకున్నారు. చేనంతా ఒకటే విత్తనం, ఒకటే ఎరువు, ఒకటే దున్నకం. కోతకు వచ్చాక దాన్ని 500 బుల్లి మళ్ళుగా విభజించి, ఒక్కొక్క మడి గింజను విడిగా తూచారు. ఫలితాలు 1911లో ప్రచురించారు. అన్నీ ఒకేలా చేసిన ఆ ఎకరంలో, బాగా పండిన మడికి వచ్చిన గింజ అతి తక్కువ పండిన మడికి దాదాపు రెట్టింపు. పేరు ఏకరూపతా పరీక్ష, చేసే పని నేలలో ఎంత తేడా దాగి ఉందో బయట పెట్టడం. ఆ తేడా తెలియకుండా ఈ మడిలో కొత్త ఎరువు వేశాం, ఆ మడిలో వేయలేదు, ఇందులో ఎక్కువ పండింది అని చెబితే, ఆ గొప్ప ఎరువుదో నేలదో ఎవరు చెప్పగలరు? పరిమాణం సంగతి కూడా ఈ పరీక్షే చెబుతుంది. మరీ చిన్న మళ్ళను పోల్చి చూస్తే తేడాలు ఎక్కువ. నాలుగేసి మళ్ళు కలిపి తూస్తే ఎక్కువ తక్కువలు సర్దుకుని తేడా తగ్గుతుంది.

మా నాన్నగారు ఈ పరీక్ష పేరు వినలేదు, కానీ దమ్ము చేసిన తర్వాత చేలోకి నీరు వదిలి గట్టు మీద కూర్చునేవారు. నీటి పైకి మట్టి తేలిన చోట మెరక, నీరు లోతుగా నిలిచిన చోట పల్లం. ఎండిన నేల మీద కంటికి అంతా చదునుగానే కనిపిస్తుంది. నీరు వదిలినప్పుడే నిజం తెలుస్తుంది అనేవారు. మెరక మీద కలుపు, పల్లంలో నారు కుళ్ళు. రెండంగుళాల తేడా వరికి ప్రాణం. అదే చేలో మరుసటి ఏడు చెరకు వేస్తే ఆ రెండంగుళాలను పట్టించుకునేవారు కాదు.

ఇప్పుడు భూగర్భశాస్త్రం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టమని కోరుతున్నాను. స్కాట్లండుకు చెందిన జేమ్స్ హటన్ 1785లో, తర్వాత చార్లెస్ లయెల్ 1830 నుంచి చెప్పిన మాటను మీ వ్యాసంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు: భూమి మీద మార్పులన్నీ ఎప్పుడూ ఒకే వేగంతో, నెమ్మదిగా జరుగుతాయని. ఏకరూపతావాదం అన్న పేరు మొదట వాడింది వారిద్దరూ కాదు, 1832లో విలియం హ్యూవెల్ పెట్టాడు. ఆ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. మొదటిది, ఈ రోజు రాతినీ నీటినీ నిప్పునూ నడిపిస్తున్న నియమాలే కోట్ల ఏళ్ళ క్రితం కూడా నడిపించాయన్నది. ఇది లేకపోతే గతం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేం. రెండోది, ఆ పనులు అప్పుడూ ఇప్పుడు జరిగే వేగంతోనే, ఇప్పటి మోతాదులోనే జరిగాయన్నది. లయెల్ ఈ రెండిటినీ నమ్మాడు. మొదటిది నిలిచింది. రెండోది నిలవలేదు.

నిలవలేదనడానికి సాక్ష్యం కోసం నేను దూరం వెళ్ళనక్కర్లేదు. కొవ్వూరు పక్కనే పంగిడి ఉంది. అక్కడి నల్లరాయి క్వారీల నుంచి వచ్చిన కంకర మీద మేము చిన్నప్పటి నుంచి నడుస్తున్నాం. ఆ నల్లరాయి బసాల్టు, గడ్డకట్టిన లావా. గోదావరికి అటువైపు రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ ఇదే ఉంది. దీని వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళు. మహారాష్ట్రలో చాలా భాగం పరుచుకున్న దక్కను లావాలోనిదే ఇది కూడా అనీ, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి ఇక్కడి సముద్రపు ఒడ్డుకు చేరిందనీ, భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇది ఒకటనీ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. చరిత్రలో మనుషులు కళ్ళారా చూసి రాసిపెట్టిన పెద్ద లావా ప్రవాహం ఐస్‌లాండులో లాకీ దగ్గర 1783లో మొదలైంది. ఎనిమిది నెలలు సాగింది, సుమారు 15 ఘన కిలోమీటర్ల లావా వచ్చింది. దక్కనులో ఒక్కొక్క పెద్ద ప్రవాహం వేల ఘన కిలోమీటర్ల లెక్కలో ఉంటుంది. అంతటి లావాను చూసిన మనిషి లేడు. ఇప్పటి వేగమే ఎప్పటి వేగం అనుకుంటే పంగిడి రాయికి లెక్క కుదరదు.

ఇంకా ముఖ్యమైనది ఆ రాయి మధ్యలో ఉంది. మా మేనమామ ఒకసారి నన్ను క్వారీ అంచుకు తీసుకెళ్ళి చూపించాడు. నాకు అప్పుడు పదేళ్ళు. పైన నల్లరాయి, కింద నల్లరాయి, రెండిటి నడుమ లేత రంగు సున్నపురాయి పట్టీ. అందులో గవ్వలు, ఆల్చిప్పలు. ఒక చిప్పను గోటితో గీరితే పొడి రాలింది. గోదావరి గట్టున ఇంత ఎత్తులో ఆల్చిప్ప ఎలా వచ్చిందని అడిగితే, ఇక్కడ ఒకప్పుడు ఉప్పునీళ్ళు ఉండేవి అన్నాడు. అంతకు మించి ఆయనకూ తెలియదు. ఇప్పుడు నాకు అర్థమైనది ఇది. ఒక లావా వచ్చింది, చల్లారింది. ఆ తర్వాత నిశ్శబ్దం. నీళ్ళు వచ్చాయి, ఆల్చిప్పలు పుట్టి, పెరిగి, చచ్చి, పొరలుగా పేరుకునేంత కాలం ఏమీ జరగలేదు. మళ్ళీ ఒక రోజు లావా వచ్చి వాటి మీద పడింది. ఉపద్రవం, నిదానం, ఉపద్రవం. ఒక్క గోడలో మూడూ ఉన్నాయి. ఆ ఆల్చిప్ప అప్పుడు కూడా ఈనాటి ఆల్చిప్పలాగే నీటిలోని సున్నాన్ని తీసుకుని చిప్ప కట్టుకుంది. నియమం మారలేదు. వేగం మాత్రం ప్రతి పొరకూ మారింది. మీ వ్యాసంలో ఈ భేదం ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే చాలు, పిల్లలకు భూగర్భశాస్త్రం సగం అర్థమయ్యేది.

భౌతికశాస్త్రంలోనూ ఇదే చిక్కు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు మొన్న అడిగింది: ఫ్యాను రెక్క కొస సమ వృత్తాకార చలనంలో ఉందంటారు, మళ్ళీ దానికి త్వరణం ఉందంటారు, సమం అయితే త్వరణం ఎందుకుంటుంది అని. వడి సమంగా ఉంది, దిశ ప్రతి క్షణం మారుతోంది అని చెప్పాను. ఏది సమం అన్నది పుస్తకంలో పేరులోనే రాసి ఉంటే ఆ పిల్లకు ఆ సందేహమే రాదు. గణితంలో పెద్దవాళ్ళే ఇక్కడ కాలు జారారు. తెంపు లేని గీతలను ఎన్నిటిని వరసగా కలుపుకుంటూ పోయినా చివరి మొత్తం కూడా తెంపు లేకుండానే ఉంటుందని ఫ్రాన్సుకు చెందిన కోషీ 1821లో ఒక సిద్ధాంతం రాస్తే, అది అన్ని చోట్లా నిలవదని ఆబెల్ 1826లో ఉదాహరణ చూపించాడు. ఒక్కొక్క బిందువుకు ఒక్కొక్క హద్దు పెట్టుకోవడం వేరు, అన్ని బిందువులకూ కలిపి ఒకే హద్దు పెట్టడం వేరు అన్న స్పష్టత అప్పటికి లేదు. అన్ని బిందువుల్లోనూ ఒకే హద్దుతో చివరి మొత్తానికి దగ్గరవడాన్ని ఏకరూప అభిసరణం అంటారు. ఆ భావన తర్వాత ఆ గాయం నుంచే పుట్టింది.

ఇక మీ వ్యాసం చివరి భాగంలోని ఆకాశం. విశ్వం నలుమూలల నుంచి వచ్చే సూక్ష్మతరంగ కాంతి అంతటా ఒకే ఉష్ణోగ్రతలో ఉందని రాశారు. నిజమే, పరమ సున్నాకు, అంటే అంతకు మించి చల్లబడలేని హద్దుకు, 2.725 డిగ్రీలు పైన. కానీ 1992లో కోబ్ ఉపగ్రహం కొలతలు చెప్పింది దాని తర్వాతి మాట. మన సొంత గమనం వల్ల వచ్చే తేడాను తీసేశాక కూడా, లక్షలో ఒక వంతు స్థాయిలో అక్కడక్కడ ఎక్కువ తక్కువలు ఉన్నాయి. ఆ లక్షో వంతు ఒత్తు పలుచనలే తర్వాత పెరిగి పెద్దవై గెలాక్సీలయ్యాయి. అవి లేకపోతే మనం లేము. ఆ వాక్యం వ్యాసంలో రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

చివరగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ప్రయోగశాలలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ నేను ఇదే చెప్పేదాన్ని. ప్రకృతిలో దొరికే యురేనియంలో యు-235 అనే రకం పాలు ఎక్కడ చూసినా నూటికి 0.720. గనిలో, సముద్రపు నీటిలో, చంద్రుడి రాళ్ళలో కూడా అంతే. ఏకరూపత అంటే ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు. 1972లో ఫ్రాన్సులోని పియెర్లాత్ కర్మాగారంలో మామూలుగా చేసే పరీక్షలో ఒక నమూనాకు 0.717 వచ్చింది. తేడా మూడో దశాంశంలో. నాలాంటి ఒక విశ్లేషకుడో విశ్లేషకురాలో ఆ రోజు ఆ కాగితం చూసి ఉంటారు. యంత్రం తప్పు అనుకోవచ్చు. హద్దులోనే ఉంది కదా అనుకోవచ్చు. అలా అనుకోలేదు. ఆ ఖనిజం ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ వెళితే, ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో గని తేలింది. అక్కడ సుమారు 200 కోట్ల ఏళ్ళ క్రితం, మనిషి చేయి పడకుండా, నేలలోనే అణు రియాక్టరు నడిచిందని బయటపడింది. అప్పట్లో యురేనియంలో యు-235 పాలు ఇప్పటి కంటే చాలా ఎక్కువ, సుమారు 3 శాతం. ఖనిజంలోకి ఇంకిన నీరు చర్యను నడిపించింది, నీరు ఆవిరైతే ఆగింది, మళ్ళీ ఇంకితే మొదలైంది. అది కొంత యు-235ను ఖర్చు చేసుకుంది కాబట్టి మిగిలిన ఖనిజంలో పాలు తగ్గింది.

అక్కడితో అయిపోలేదు. ఆ రాళ్ళలో మిగిలిన సమారియం అనే మూలకం పాళ్ళను బట్టి, 200 కోట్ల ఏళ్ళ క్రితం కూడా పరమాణు కేంద్రకాలను పట్టి ఉంచే బలాలు ఇప్పటిలాగే ఉన్నాయా అని 1976లో ష్ల్యాఖ్టర్ అనే శాస్త్రవేత్త లెక్క వేశాడు. చాలా చాలా చిన్న హద్దు లోపల అవే అని తేలింది. హటన్ నమ్మిన మాట, నియమాలు అప్పుడూ ఇవే అన్న మాట, ఇలా ఒక గనిలో కొలతకు దొరికింది. ఒక చోట కనిపించిన మూడో దశాంశం తేడా లేకపోతే ఆ కొలతే లేదు.

సంపాదకులకు నా విన్నపం చిన్నది. మీ విజ్ఞాన పేజీలో ఇకపై ‘ఏకరూపత’ అన్న మాట వచ్చిన ప్రతి చోటా మూడు సంగతులు అదే వాక్యంలో గానీ పక్క వాక్యంలో గానీ వేయించండి: దేనిలో, ఎంత పరిమాణంలో చూస్తే, ఎంత తేడా వరకు. అంకె దొరికితే అంకె వేయండి. అలా రాయలేని చోట ఆ మాట వాడకుండా, ‘దాదాపు ఒక్క తీరుగా’ అని తేలిక తెలుగులో రాయమని వ్యాసకర్తలకు చెప్పండి. ఆదివారం వ్యాసంలో మేలైన విత్తనం గురించిన వాక్యానికీ, లయెల్ గురించిన వాక్యానికీ సవరణ వేస్తే ఇంకా సంతోషిస్తాను. ఆ పేజీని మా మనవరాలి బడిలో గోడకు అతికిస్తారు.

ఆ వ్యాసం రాసినవారు ఎప్పుడైనా ఇటు వస్తే, పంగిడిలో ఆ సున్నపురాయి పట్టీ ఇంకా కనిపించే చోటు నాకు తెలుసు. క్వారీ తవ్వకం ఏటేటా లోపలికి జరుగుతోంది కాబట్టి వర్షాలు మొదలయ్యే లోపల వస్తే మంచిది. తోడు వచ్చి చూపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత ఔషధ విశ్లేషకురాలు,
కొవ్వూరు, తూర్పు గోదావరి జిల్లా